ఎండకు పద్దు

పాఠశాలలలో వైజ్ఞానిక ప్రదర్శనములు జరుగునప్పుడు ఒక బల్లయొద్ద తప్పక గుంపు చేరును. ఆ బల్లపై అరచేతి వెడల్పుగల సౌరఫలక మొకటి సన్నని కమ్మీపై నిలిచియుండును. విద్యార్థి చేతిదీపమును ఎడమకు జరిపినచో ఫలకము ఎడమకు తిరుగును. కుడికి జరిపినచో కుడికి తిరుగును. ప్రొద్దుతిరుగుడు పువ్వే వచ్చి బల్లపై కూర్చున్నట్లుండును. చూచువారు చప్పట్లు కొట్టుదురు. “సూర్యుని వెంబడించుటచేత ఈ ఫలకము ఎక్కువ విద్యుత్తు నిచ్చును” అని విద్యార్థి వివరించును. అందఱును తలలూపి ముందునకు సాగుదురు.

ఆ గుంపులో ఒక్కరైనను అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఎక్కువగా వచ్చిన విద్యుత్తెంత? ఫలకమును త్రిప్పుటకు వ్యయమైన విద్యుత్తెంత? ఈ ప్రశ్న అడుగువారు అరుదు. అడిగినచో సమాధానము చెప్పగలవారు ఇంకను అరుదు. సౌరశక్తితో చిన్న పరికరములు నిర్మింపగోరు విద్యార్థికి ఈ ప్రశ్నయే మొదటి పాఠము కావలెను. తిరుగు ఫలకముకంటె ముందు పద్దుల పుస్తకము సిద్ధము కావలెను.

ఇట్టి పరికరములలో ముఖ్యభాగములు రెండు. మొదటిది ఎండను విద్యుత్తుగా మార్చు సౌరఘటము. వెలుతురు సోకినప్పుడు కొన్ని పదార్థములయందు విద్యుత్తు పుట్టునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్ 1839లో కనుగొనెను. కాని ఆ విద్యుత్తు మానవుని పనికి వచ్చుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. 1954లో అమెరికా దేశమున బెల్ పరిశోధనశాలయందు చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు సిలికానుతో సౌరఘటమును నిర్మించిరి. తనపై పడిన ఎండలో నూటికి 6 పాళ్లను అది విద్యుత్తుగా మార్చినది. నేడు ఇండ్లకప్పులపై కానవచ్చు ఫలకములు నూటికి 20 పాళ్లకు అటునిటుగా మార్చుచున్నవి.

రెండవభాగము, చెప్పిన ఆజ్ఞలను తు.చ. తప్పక పాటించు మైక్రోకంట్రోలరు. చూచుటకు అది చిన్న నల్లని చిప్పు. లెక్కించు భాగము, జ్ఞాపకముంచుకొను భాగము, వెలుపలి తీగలతో సంబంధము నెరపు భాగము - ఈ మూడును అందే యిమిడియున్నవి. 2005లో ఇటలీ దేశమున ఇవ్రియా పట్టణమునందలి రూపకల్పన విద్యాసంస్థలో, విద్యుత్ శాస్త్రము తెలియనివారు సైతము వాడుకొనుటకు వీలుగా ఇట్టి చిప్పును బిగించిన ఒక చిన్న బోర్డు తయారైనది. దాని పేరు ఆర్డుయినో. ఆ యూరిలోని ఒక పానశాల పేరే దానికి వచ్చినది. పానశాలకో, వేయేండ్ల క్రిందట ఇటలీ నేలిన ఆర్డుయిన్ రాజు పేరు వచ్చినది. నిర్మాతలు దాని నమూనా పటములను దాచుకొనక లోకమునకు విడిచిపెట్టిరి. అందుచేత ఎందఱో దానిని తయారుచేయుచున్నారు; వెల తగ్గి అది పాఠశాలలకు సైతము అందినది.

తిరుగు ఫలకపు పని సులభముగనే బోధపడును. ఫలకపు అంచున కాంతినిరోధకములు రెండు ఉండును. కాంతినిరోధక మనగా వెలుతురు హెచ్చినకొలది విద్యుత్తునకు అడ్డు తగ్గించు చిన్న బిళ్ల. ఆ రెంటినడుమ అట్టముక్కతో ఒక గోడ నిలుపుదురు. సూర్యుడు ఒకప్రక్కకు జరిగినచో గోడనీడ రెండవప్రక్క బిళ్లపై పడును. ఆర్డుయినో ఆ రెంటియొద్దనుండి వచ్చు వోల్టులను కొలిచి, 0 మొదలు 1023 వరకు గల అంకెలుగా మార్చుకొనును. అంకెలు రెండును సమానము కానిచో సర్వో మోటారును వెలుతురు వైపునకు త్రిప్పును, సమానమైనచో ఆపును. ఇంతకుమించి అందు రహస్యమేమియు లేదు.

ఇప్పుడు పద్దు వ్రాయవలెను. బల్లపైనున్న ఫలకము 1 వాట్టు శక్తిగలదని భావింపుడు. తెలుగునాట మబ్బులేని దినమున ఉదయమునుండి సాయంకాలమువరకు ఫలకముపై పడు వెలుతురంతయు, నడిమధ్యాహ్నపు పూర్తి ఎండ సుమారు 5 గంటలు కాసినదానికి సమానము. కదలక యున్న ఫలకము ఆ దినమున సుమారు 5 వాట్టు-గంటల విద్యుత్తు నిచ్చును. సూర్యుని వెంబడించుటచే అందులో నాలుగవవంతు హెచ్చునని ఉదారముగనే లెక్కింతురు గాక. అధికాదాయము 1.25 వాట్టు-గంటలు. ఇది జమ.

ఖర్చు ప్రక్క చూడవలెను. సాధారణమైన ఆర్డుయినో యూనో బోర్డు 5 వోల్టులయొద్ద సుమారు 50 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమును వాడుకొనును. అనగా పావు వాట్టు. పండ్రెండు గంటలు మేలుకొనియుండి సూర్యుని కనిపెట్టుచుండుటకు దానికి 3 వాట్టు-గంటలు కావలెను. మోటారు వ్యయము వేఱు. వచ్చిన అధికాదాయము 1.25, దానిని తెచ్చుటకైన వ్యయము 3కు పైమాట! చేనికి కాపు పెట్టిన మనుష్యుడు పంటలో నాలుగవవంతు హెచ్చించి, సగమునకు మించి తానే తినివేసినట్లయినది. ఏ చప్పట్లును ఈ నష్టమును పూడ్పజాలవు.

ఇందుకు బదులుగా కొందఱు, “ఇది ఆటవస్తువు. బాలురు సూత్రమును నేర్చిన చాలును, లాభనష్టములతో పనియేమి?” అందురు. ఈ వాదము పైకి న్యాయముగనే తోచును. సూత్రము నేర్చుట మంచిదే. కాని ఏ సూత్రము? ఫలకము సూర్యునకెదురుగా ఉన్నచో ఎక్కువ వెలుతురు పడుననునది సగము సూత్రము. ఏ పనికైనను శక్తి కావలెను, ఆ శక్తి ఎచ్చటనుండియో రావలెను అనునది మిగిలిన సగము. మొదటి సగమును నేర్పి రెండవ సగమును దాచినచో విద్యార్థి నేర్చినది తప్పగును. పైగా, ప్రదర్శనములోని తిరుగు ఫలకము తఱచుగా కంప్యూటరునుండి గాని గోడనున్న ప్లగ్గునుండి గాని విద్యుత్తు తీసికొనుచుండును. సూర్యుని పేరుచెప్పి గోడయొద్ద అప్పు చేసినట్లు! అప్పు బల్లక్రింద తీగలో దాగియుండుటచే చూచువారికి తెలియదు.

ఈ పొరపాటునకు బాలురను నిందింపరాదు. పెట్టెలో సిద్ధముగా వచ్చు భాగములు, ఎవరో వ్రాసిన ప్రోగ్రాము, అతికించిన తీగలు - వీనిని ఒక సాయంకాలములో కూర్చి తెమ్మన్నచో వారు తెచ్చెదరు. కదలునది కావలెనని పెద్దలు కోరిరి, కదలునదే తెచ్చిరి. కొలతను కోరినచో కొలతయు తెచ్చియుందురు.

కావున ఆరంభము కొలతతో జరుగవలెను. దానికి కావలసినవి స్వల్పము: 6 వోల్టుల, 1 వాట్టు ఫలకము, 33 ఓముల లావైన నిరోధక మొకటి, 10,000 ఓముల చిన్న నిరోధకములు రెండు, ఆర్డుయినో. లావైన నిరోధకమును ఫలకపు రెండు కొనలకు తగిలింపవలెను. అది ఫలకము మోయవలసిన బరువు. బరువు లేని ఫలకము అబద్ధము చెప్పును. ఉదయము లేయెండలోను, నడిమధ్యాహ్నమునను దాని వోల్టులు ఇంచుమించు ఒక్కతీరుగనే కనిపించును. నిరోధకమను బరువు నెత్తినప్పుడే దాని సత్తువ బయటపడును. ఖాళీ బండిని లాగు ఎద్దుల బలము తెలియనట్లే ఇదియును.

చిన్న నిరోధకములు రెండును వోల్టులను సరిగా సగము చేయును. ఆర్డుయినో 5 వోల్టులకు మించి కొలువలేదు. ఎండలో ఫలకము అంతకు మించి ఈయవచ్చును. అందుచే ఈ జాగ్రత్త అవసరము. ఆర్డుయినో 512 అను అంకె చూపినచో అది సుమారు 2.5 వోల్టులు, ఫలకమునందు దానికి రెట్టింపు, 5 వోల్టులు. వోల్టులను వోల్టులతోనే హెచ్చించి ఓములతో భాగించినచో శక్తి తెలియును. 25ను 33తో భాగింపగా సుమారు 0.76 వాట్టు. అంకె 256కు తగ్గినచో శక్తి సగము కాదు, నాలుగవవంతు, 0.19 వాట్టు మాత్రమే యగును. నిమిషమునకు ఒకమారు ఈ శక్తిని లెక్కించి కూడుచు పోవుటకు పది పండ్రెండు పంక్తుల ప్రోగ్రాము చాలును. సాయంకాలము ఆ మొత్తమును 60తో భాగించినచో ఆనాటి ఆదాయము వాట్టు-గంటలలో వచ్చును. ఈ ప్రోగ్రామును విద్యార్థి తానే వ్రాయవలెను; ఇందు అతనికి తెలియని గణితమేమియు లేదు.

ఇట్లు కొలుచువానికి ఫలకము అనేక విషయములు బోధించును. ఫలకములో కొద్దిభాగముపై ఆకునీడ పడినను శక్తి ఎంతో తగ్గుట అతడు చూచును. ఘటములన్నియు గొలుసుగా కట్టబడియుండుటచే ఒకటి బలహీనమైనచో తక్కినవాని మార్గమునకు అది అడ్డగును. జూన్ మాసమున నడిమధ్యాహ్నము సూర్యుడు తెలుగుదేశమునకు నడినెత్తికంటె కొంచెము ఉత్తరముగా ఉండుటను, డిసెంబరులో దక్షిణమునకు బాగుగా వాలుటను అతడు అంకెలలో కనుగొనును. ఏడాది పొడవున ఒకే వాలుతో నిలుపవలసి వచ్చినచో ఫలకమును దక్షిణమునకు త్రిప్పి, ఆ యూరి అక్షాంశమునకు దగ్గరగా, హైదరాబాదులో సుమారు 17 డిగ్రీలు, వాల్చుట ఎందులకో అప్పుడు బోధపడును.

అన్నిటికంటె వింతయైనది వేడిని గూర్చిన పాఠము. రెంటచింతలలో మే మాసపు టెండ ఎంతటిదో తెలుగువారికి చెప్పనక్కఱలేదు. అచ్చట సౌరఫలకము మిక్కిలి ఎక్కువగా పనిచేయునని ఎవరైనను తలంతురు. కాని సిలికాను ఫలకము వెలుతురును కోరును గాని వేడిని కోరదు. దానిపై ముద్రించు శక్తి 25 డిగ్రీల వేడిమియొద్ద కొలిచినది. అంతకు మించిన ప్రతి డిగ్రీకిని సుమారు నూటికి 0.4 పాలు శక్తి తగ్గును. మండుటెండలో ఫలకము 65 డిగ్రీలకు కాగినచో నూటికి 16 పాళ్లు నష్టమే. తడిగుడ్డతో ఫలకపు వెనుకభాగమును చల్లార్చి చూచిన విద్యార్థికి ఈ సంగతి ఎన్నటికిని మఱపునకు రాదు.

కొలత నేర్చినపిమ్మట తిరుగు ఫలకమునకు మరలి రావచ్చును. దానిని విడిచిపెట్టనక్కఱలేదు, సరిదిద్దవలెను. ఆకాశమున సూర్యుడు గంటకు 15 డిగ్రీలు సాగినట్లు కానవచ్చును. పావుగంటకు నాలుగు డిగ్రీలైనను సాగడు. ఫలకము అంతమాత్రము ప్రక్కకు తొలగినచో నష్టమగు వెలుతురు వేయింటికి రెండుపాళ్లు మాత్రమే. అట్లైన క్షణక్షణమును సూర్యుని కనిపెట్టుచు మేలుకొనియుండ పనియేమి? పావుగంటకు ఒకమారు కన్ను తెఱచి, ఫలకమును సరిచేసి, మరల నిద్రించిన చాలును.

మైక్రోకంట్రోలరులో ఇట్టి నిద్రకు ఏర్పాటు కలదు. యూనో బోర్డులోని చిప్పునందలి మేలుకొలుపు గడియారము అత్యధికముగా సుమారు 8 సెకనులే నిద్రింపనిచ్చును. కనుక అది 8 సెకనులకొకమారు లేచి, లెక్కలో ఒకటి కలుపుకొని, వెంటనే పండుకొనవలెను. ఇట్టి కునుకులు 112 అయినచో పావుగంట యగును. అయితే చిప్పు నిద్రించినను బోర్డుపైనున్న దీపములును తక్కిన భాగములును విద్యుత్తు త్రాగుచునే యుండును. అందుచేత చిప్పును మాత్రము విడిగా అమర్చి, ట్రాన్సిస్టరు ద్వారా మోటారునకు అవసరమైనప్పుడే విద్యుత్తు అందించునట్లు చేయవలెను. మోటారు నిద్రించునప్పుడు ఒరగిపోకుండ ఫలకమును సమతూకముగా నిలుపవలెను.

మరల పద్దు చూడుడు. పండ్రెండు గంటలలో పావుగంటకొకమారు చొప్పున మేలుకొనుట 48 పర్యాయములు. ఒక్కొక్కమారు 5 సెకనులపాటు చిప్పును మోటారును కలిసి 1.5 వాట్టు వాడినను, మొత్తము 360 జౌళ్లు; అనగా వాట్టు-గంటలో పదియవవంతు. నిద్రలో అగు వ్యయము అత్యల్పము. అధికాదాయము 1.25, వ్యయము 0.1. అదే ఫలకము, అదే చిప్పు, అదే మోటారు. మొదట నష్టము తెచ్చినవి ఇప్పుడు లాభము తెచ్చినవి. ఈ లాభము అధిక ధనముచే వచ్చినది కాదు. లెక్కచూచి ఆలోచించుటచే వచ్చినది. చప్పట్లు కొట్టవలసినచో ఇచ్చట కొట్టవలెను.

ఈ పద్దు బాలుర బల్లకే పరిమితమైనది కాదు. 1958 మార్చిలో అమెరికావారు వాన్‌గార్డ్-1 అను చిన్న ఉపగ్రహమును పంపిరి. దానిలో రెండు ప్రసారిణు లుండెను. బ్యాటరీపై ఆధారపడినది ఆ సంవత్సరము జూన్ మాసముననే మూగవోయినది; సౌరఘటములపై ఆధారపడినది 1964 వరకు పలికినది. 1975 ఏప్రిల్ 19న అంతరిక్షమునకేగిన భారతదేశపు తొలి ఉపగ్రహము ఆర్యభట్ట యొడలెల్ల సౌరఘటములే. అయినను విద్యుత్ సరఫరాలోని లోపముచేత దాని శాస్త్రప్రయోగములు కొలది దినములకే నిలిచిపోయినవి. ఎండ కొఱవడలేదు, ఎండను పనికి అందించు ఏర్పాటు తప్పినది. ఆ పాఠము వృథాపోలేదు. 2023 జులైలో శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. దానిలోని ప్రజ్ఞాన్ బండి సౌరఫలకము ఇచ్చునది 50 వాట్టులు మాత్రమే. ఇంటిలోని పాతకాలపు ఒక బల్బునకు చాలునంత. ఆ 50 వాట్టులతోనే నడచుట, చూచుట, మట్టిని పరీక్షించుట అన్నియు చంద్రునిపై ఒక పగలు, అనగా భూమిపై సుమారు 14 దినములు, గడచులోపల ముగియునట్లు శాస్త్రజ్ఞులు ముందుగనే లెక్కవేసిరి. రాత్రి రాకముందే బ్యాటరీని నింపి, రాబోవు సూర్యోదయపు వెలుతురు సోకునట్లు ఫలకమును నిలిపి, బండిని నిద్రపుచ్చిరి. ఆ దీర్ఘరాత్రి చలి గడచిన తరువాత అది మేలుకొనలేదు. కాని అప్పగించిన పని అప్పటికే పూర్తియైనది.

“ఒక వాట్టు ఫలకమునకు ఇంత లెక్క యేల?” అని తోచవచ్చును. 2017లో సిద్ధమైన కర్నూలు సౌరవిద్యుత్ క్షేత్రము 1000 మెగావాట్ల శక్తిగలది. అనగా విద్యార్థి చేతిలోని ఫలకమువంటివి నూఱుకోట్లు. అంతటి క్షేత్రమున నూటికి ఒకపాలు పొరపడినచో 10 మెగావాట్లు మట్టిపాలగును. నేడు ఒక వాట్టునకు పద్దు వ్రాయుటకు విసుగుకొనువాడు రేపు నూఱుకోట్ల వాట్టులకు పద్దు వ్రాయలేడు. పెద్ద లెక్కకు వేఱు బడి లేదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. సూర్యుని వంక కంటితో నేరుగా చూడరాదు. ఆరంభదశలో లిథియం బ్యాటరీల జోలికి పోవుటకంటె నికెల్ ఘటములతో పనిచేయుట మేలు. లిథియం ఘటమును 4.2 వోల్టులకు మించి నింపినచో మంటలు పుట్టవచ్చును. తీగలు కలుపునప్పుడు ఉపాధ్యాయుని సమక్షము అవసరము. ఇవి భయపెట్టుటకు కాదు. పద్దువలెనే జాగ్రత్తయు పనిలో భాగము.

ప్రదర్శనములయందు బహుమతుల నిచ్చు పెద్దలు చేయవలసిన పనియు ఒకటి కలదు. పరికరము ప్రక్కన విద్యార్థి స్వహస్తముతో వ్రాసిన కొలతల పుస్తకమును వారు అడుగవలెను. అందులో వారము దినముల అంకెలు, మబ్బుపట్టిన దినపు లోటు, తప్పిన లెక్క, దానిని దిద్దిన గుర్తు ఉండవలెను. కదలక మెదలక నిలిచియున్న ఫలకమైనను, దాని ప్రక్కన నిజమైన పద్దు ఉన్నచో, బల్లక్రింద అప్పు దాచిన తిరుగు ఫలకముకంటె అది గొప్పదని వారు తీర్పు చెప్పవలెను. అట్టి తీర్పు ఒక్క ఏడు వచ్చినచో మఱుసటి ఏడు ప్రతి బల్లపైనను ఒక పుస్తకము కానవచ్చును.

సూర్యుడు ఎవరియొద్దను వెల అడుగడు. అందుచేతనే ఎండ యూరకయే వచ్చినదని తలచి లెక్క మఱచుట సులభము. కాని ఎండను పట్టు ఫలకమునకు, త్రిప్పు మోటారునకు, తలచు చిప్పునకు వెల కలదు. ఆ వెలను పద్దులో వ్రాసి, వచ్చినదానినుండి తీసివేసి, మిగిలినదే తన సంపాదనయని ఒప్పుకొను విద్యార్థియే సౌరశక్తిని నేర్చినవాడు.